పాట ఒక చెవికే వినిపిస్తోందా?

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, కాస్త నడుం వాల్చే ముందు కంప్యూటరులో నాలుగు పాత పాటలు పెట్టుకుంటాం. పల్లవి హాయిగానే మొదలవుతుంది. కానీ ఎడమవైపు స్పీకరు గట్టిగా పాడుతుంటే కుడివైపుది గొణుగుతూ ఉంటుంది. పోనీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుందామా అంటే ఒక చెవిలో పాట, రెండో చెవిలో నిశ్శబ్దం. పిల్లల ఆన్‌లైన్ సంగీతం క్లాసు అప్పుడైతే మరీ చికాకు.

అప్పుడు మనం ఏం చేస్తాం? ఇంట్లో మగవాళ్లకి చెబుతాం. వాళ్లు 'ఆదివారం చూద్దాంలే' అంటారు. ఆదివారం వచ్చాక 'పాతబడిపోయాయి, కొత్తవి కొనేద్దాం' అంటారు. మా ఇంట్లో సరిగ్గా అలాగే కొన్నాం. ఆ డబ్బు దండగైంది. డబ్బు పోతే పోయింది, ఆ తొందరలో అంతకన్నా పెద్ద పొరపాటు ఒకటి చేశాం. ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందు, ఎవరి సాయం లేకుండా మనమే ఈ లోపం ఎక్కడుందో ఎలా పట్టుకోవచ్చో చూద్దాం. మిక్సీ తిరక్కపోతే ముందు ప్లగ్గు చూస్తాం, తర్వాత జారు సరిగ్గా కూర్చుందో లేదో చూస్తాం, అప్పటికీ కాకపోతేనే కదా రిపేరుకి ఇస్తాం! ఇదీ అంతే.

స్టీరియో అంటే ఏమిటి?

మనకి రెండు చెవులున్నాయి కాబట్టే వెనక గదిలో గిన్నె పడిందా, వీధి గుమ్మంలో పడిందా అన్నది తెలుస్తుంది. ఆ సూత్రాన్నే పాటల రికార్డింగులో వాడారు. ఎడమ చెవికి ఒక ధ్వని, కుడి చెవికి ఇంకో ధ్వని, రెండు వేర్వేరు దారుల్లో పంపిస్తారు. అదే స్టీరియో. రెండు వైపులా ఒకటే ధ్వని పంపిస్తే అది మోనో.

దీనికి పునాది వేసినవాళ్లలో ముఖ్యుడు ఇంగ్లండులో ఇ.ఎం.ఐ. కంపెనీలో పనిచేసిన అలన్ బ్లూమ్‌లైన్ అనే ఇంజనీరు. భార్యతో కలిసి సినిమాకి వెళ్లినప్పుడు, నటుడు తెరమీద ఒక పక్క ఉంటే గొంతు ఇంకో పక్కనుంచి రావడం ఆయనకి నచ్చలేదని చెబుతారు. 1931 డిసెంబరులో ఆయన తన పద్ధతికి పేటెంటు కోసం దరఖాస్తు పెట్టాడు. జనం కొనుక్కునే స్టీరియో గ్రామఫోన్ రికార్డులు మాత్రం 1950ల చివర్లోగానీ బజారులోకి రాలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, రెండు దారులున్నాయి కాబట్టే ఒక దారి మూసుకుపోయినా రెండోది పలుకుతూనే ఉంటుంది. మొత్తం ఆగిపోతే వెంటనే తెలుస్తుంది. సగం ఆగితే మాత్రం చాలా రోజులు మనకి తెలియనే తెలియదు.

ముందు పాటని అనుమానించండి

ఒక్క పాటకే ఇలా జరుగుతోందా, అన్నింటికీనా? ముందు అది చూసుకోండి. స్టీరియో కొత్తగా వచ్చిన రోజుల్లో గొంతు ఒక పక్కకీ, వాద్యాలు ఇంకో పక్కకీ పూర్తిగా విడదీసి రికార్డు చేసిన పాటలు ఉన్నాయి. అవి వింటుంటే స్పీకరు చెడిపోయిందనే అనిపిస్తుంది. పాత క్యాసెట్ల నుంచి ఎక్కించిన పాటల్లో కూడా ఎక్కించినవాళ్ల వైరు సరిగ్గా లేక ఒక వైపే ధ్వని పడి ఉండొచ్చు.

కాబట్టి మూడు నాలుగు వేర్వేరు పాటలు పెట్టి చూడండి. ఒక వార్తల వీడియో కూడా పెట్టండి. వార్తలు చదివేవారి గొంతు మామూలుగా రెండు వైపులా సమానంగా వస్తుంది. అది కూడా ఒక వైపే వినిపిస్తోందంటే పాటది తప్పు కాదు.

మూడు మార్పిళ్లు

లోపం ఎక్కడుందో తేల్చడానికి స్క్రూడ్రైవరు అక్కర్లేదు. వస్తువుల్ని అటూ ఇటూ మార్చి చూస్తే చాలు. దీనికి తలమీదనుంచి పెట్టుకునే హెడ్‌ఫోన్స్ అయితే మంచిది.

మొదటి మార్పిడి: హెడ్‌ఫోన్స్‌ని తిప్పి పెట్టుకోండి. అంటే 'ఎల్' అని రాసినది కుడి చెవికి, 'ఆర్' అని రాసినది ఎడమ చెవికి. ఇంతకుముందు కుడి చెవికి తక్కువగా ఉండి, ఇప్పుడు ఎడమ చెవికి తక్కువగా ఉందంటే లోపం సామానులో ఉంది. తిప్పినా సరే కుడి చెవికే తక్కువగా ఉందంటే సామానులో లోపం లేదు, చెవిని చూపించుకోవాలి.

రెండో మార్పిడి: అవే హెడ్‌ఫోన్స్‌ని కంప్యూటరునుంచి తీసి, ఫోనుకో, టీవీకో పెట్టండి. అక్కడా ఒక వైపే పలికితే హెడ్‌ఫోన్స్ చెడిపోయాయి. అక్కడ రెండు వైపులా బాగా పలికితే అనుమానం కంప్యూటరు మీదికి పోతుంది.

మూడో మార్పిడి: కంప్యూటరుకి వేరే హెడ్‌ఫోన్స్ పెట్టండి. ఇంట్లో లేకపోతే పక్కింటివాళ్లని ఒక్క పది నిమిషాలు అడగండి. వాటికి కూడా అదే వైపు తగ్గితే లోపం కంప్యూటరు సెట్టింగులోనో, ప్లగ్గు దూర్చే రంధ్రంలోనో ఉన్నట్టు.

స్పీకర్ల సంగతీ ఇంతే. స్పీకర్లలో ఒక వైపు పలకడం లేదు, అదే కంప్యూటరుకి హెడ్‌ఫోన్స్ పెడితే రెండు వైపులా బాగుంది అంటే స్పీకర్లదే తప్పు. ల్యాప్‌టాప్ లోపలి స్పీకర్లకి కూడా ఈ పరీక్ష పనికొస్తుంది.

ఈ మూడూ అయ్యేసరికి పావుగంట కూడా పట్టదు. ఏది బాగుందో ఏది బాగాలేదో ఒక కాగితం మీద రాసుకోండి. రేపు రిపేరు షాపుకి వెళ్లినా ఆ కాగితం చూపిస్తే, లేనిపోని సామాను అంటగట్టడం కుదరదు.

ప్లగ్గు, రంధ్రం, వైరు

హెడ్‌ఫోన్స్ ప్లగ్గుని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. మెరిసే లోహం మధ్యలో నల్లటి గీతలు కనిపిస్తాయి. ఆ గీతలు లోహాన్ని ముక్కలుగా విడదీస్తాయి. చివరి మొన ఎడమ చెవిది. దాని తర్వాతి ముక్క కుడి చెవిది. మిగతావి ఉమ్మడి వైరుకీ, మైకు ఉంటే మైకుకీ. ప్లగ్గు సగమే దూరినా, దానిమీద మురికి పేరుకున్నా ఒక చెవి మూగబోతుంది.

అందుకని ప్లగ్గుని పూర్తిగా లోపలికి, 'టక్' మనే వరకూ నెట్టండి. ఫోనుకి దళసరి కవరు వేస్తే అది అడ్డుపడి ప్లగ్గు పూర్తిగా దూరదు. కవరు తీసి చూడండి. ప్లగ్గుని పొడి మెత్తటి గుడ్డతో తుడవండి. బాగా నల్లబడి ఉంటే మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదికి కాస్త అద్ది తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. కంప్యూటరు రంధ్రంలో దుమ్ము చేరితే, కంప్యూటరు ఆపేసి, రబ్బరు బుడ్డితో గాలి కొట్టండి. పిన్నీసు, సూది మాత్రం లోపల పెట్టకండి. లోపల సన్నటి రేకులుంటాయి, వంగిపోతే మళ్లీ పనికిరావు. నోటితో ఊదినా తుంపరలు పడతాయి.

బల్లమీద పెట్టే కంప్యూటరుకి వెనకవైపు రంగు రంగుల రంధ్రాలుంటాయి. స్పీకర్లకి ఆకుపచ్చది. గులాబీ రంగుది మైకుది. దుమ్ము దులిపి మళ్లీ పెట్టేటప్పుడు వైరు పొరపాటున వేరే రంధ్రంలోకి పోతుంటుంది. అలికిన రోజు, పండగ శుభ్రాల మర్నాడు 'సౌండు రావడం లేదు' అంటే ముందు చూడాల్సింది ఇదే.

ఇక వైరు. పాట పెట్టి ప్లగ్గు దగ్గర వైరుని నెమ్మదిగా అటూ ఇటూ వంచండి. తర్వాత చెవి దగ్గర వంచండి. వంచినప్పుడల్లా పోయిన వైపు వచ్చి పోతుంటే లోపల తీగ తెగిందన్నమాట. ప్లగ్గుని వైరు పట్టుకుని లాగడం, వైరుని బిగించి చుట్టి పెట్టడం వల్ల ఇలా తెగుతుంది. ఖరీదైన హెడ్‌ఫోన్స్ అయితే టంకం పని తెలిసిన రేడియో, టీవీ మెకానిక్కు కొత్త ప్లగ్గు వేసి ఇస్తారు. చవక రకమైతే రిపేరు ఖర్చుకి కొత్తవే వచ్చేస్తాయి, అడిగి చూసుకోండి.

ఒక తమాషా లోపం కూడా ఉంది. వాద్యాలన్నీ వినిపిస్తాయి, పాడేవాళ్ల గొంతు మాత్రం ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టు ఉంటుంది, లేదా అసలు వినిపించదు. ఇది ఉమ్మడి వైరు సరిగ్గా తగలకపోతే వచ్చే లోపం. గొంతుని మామూలుగా రెండు వైపులా సమానంగా రికార్డు చేస్తారు. ఉమ్మడి వైరు తెగితే, సమానంగా ఉన్నవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, తేడాగా ఉన్నవే మిగులుతాయి. ప్లగ్గుని తుడిచి గట్టిగా దూర్చితే చాలాసార్లు గొంతు తిరిగొస్తుంది.

కంప్యూటరు లోపల ఒక త్రాసు

సామాను బాగుండి కూడా ఒక వైపు తగ్గితే సెట్టింగు చూడాలి. ఎడమ, కుడి సమానంగా ఉంచే త్రాసులాంటిది కంప్యూటరులో ఒకటి ఉంటుంది. పిల్లలు ఆటలాడుకుంటూ ఎప్పుడో దాన్ని జరిపేస్తారు, మనకి తెలియదు.

విండోస్ 11 ఉన్నవాళ్లు సెట్టింగ్స్ తెరిచి, సిస్టమ్, అందులో సౌండ్ నొక్కండి. మీ స్పీకరు పేరు పక్కన బాణం గుర్తు నొక్కితే లెఫ్ట్ ఛానల్, రైట్ ఛానల్ అని రెండు గీతలు కనిపిస్తాయి. రెండింటి పక్కనా ఒకే అంకె ఉండాలి. ఒకటి 100, ఇంకొకటి 40 ఉంటే మీ దొంగ దొరికినట్టే. ఆపిల్ వారి మ్యాక్ కంప్యూటరులో అయితే సిస్టమ్ సెట్టింగ్స్, సౌండ్, ఔట్‌పుట్ లోకి వెళితే బ్యాలెన్స్ అని ఒకే గీత ఉంటుంది. దాని బొత్తాం సరిగ్గా మధ్యలో ఉండాలి. ఫోన్లలో ఈ త్రాసు యాక్సెసిబిలిటీ అనే విభాగంలో ఉంటుంది.

విండోస్‌లోనే సౌండ్ పేజీ కింద మోర్ సౌండ్ సెట్టింగ్స్ నొక్కి, మీ స్పీకరుని ఎంచుకుని, కాన్ఫిగర్ నొక్కండి. అక్కడ స్టీరియో అని ఎంచుకుని టెస్ట్ నొక్కితే ముందు ఒక వైపు, తర్వాత ఇంకో వైపు గంట మోగుతుంది. రెండు స్పీకర్లే ఉన్న ఇంట్లో అక్కడ ఐదు స్పీకర్ల వరస ఎంచుకుని ఉంటే కొన్ని ధ్వనులు లేని స్పీకర్లకి పోతాయి, మనకి వినిపించవు. స్టీరియోకి మార్చేయండి.

ఇవన్నీ సరిగ్గా ఉండి, రంధ్రమే పాడైందని తేలినా కంగారు పడకండి. యు.ఎస్.బి. రంధ్రానికి తగిలించే చిన్న సౌండ్ కార్డులు కొన్ని వందల రూపాయల్లో దొరుకుతాయి. దానికే స్పీకరు ప్లగ్గు పెట్టుకోవచ్చు. కంప్యూటరు విప్పించాల్సిన పని ఉండదు.

స్పీకరు మీద వాల్యూం మర

పాత స్పీకర్లలో వాల్యూం తిప్పుతుంటే 'కరకర' మంటుంది, ఒక వైపు వచ్చి పోతుంటుంది. ఆ మర లోపల దుమ్ము చేరిందన్నమాట. స్పీకరు ఆపేసి, మరని ఈ చివరనుంచి ఆ చివరకి ఇరవై సార్లు తిప్పండి. చాలావరకు పోతుంది.

వాల్యూం బాగా తగ్గించినప్పుడే ఒక వైపు తగ్గి, పెంచితే రెండూ సమానమవుతున్నాయా? మర లోపల ఎడమకీ కుడికీ వేర్వేరు పట్టీలుంటాయి. మొదట్లో అవి అచ్చంగా ఒకేలా ఉండవు. అందుకని మరని సగం దాకా తిప్పి ఉంచి, కంప్యూటరులో వాల్యూం తగ్గించుకోండి. పైసా ఖర్చు లేకుండా సమానమవుతుంది.

ఎక్కడ పెట్టారు?

కొన్నిసార్లు ఏదీ చెడిపోదు, పెట్టిన చోటే తప్పు. ఒక స్పీకరు గోడ మూలకి ఆనుకుని ఉంటే లావు ధ్వనులు గోడకి తగిలి పెరుగుతాయి. ఇంకోటి కర్టెను వెనకో, పూలకుండీ వెనకో ఉంటే సన్నటి ధ్వనులు ఆగిపోతాయి. రెండూ మీకు సమాన దూరంలో, మీ చెవుల ఎత్తులో, కాస్త మీవైపు తిరిగి ఉండేలా పెట్టండి.

ల్యాప్‌టాప్‌కి చాలావాటిలో స్పీకర్లు అడుగున ఉంటాయి. పరుపుమీద పెడితే ఒకటి మూసుకుపోతుంది. వంటింట్లో గట్టుమీద పెట్టి వంటల వీడియోలు చూసే అలవాటుంటే ఆ జాలీల్లో పిండి, నూనె జిడ్డు చేరతాయి. మెత్తటి పొడి బ్రష్షుతో దులపండి. తడిగుడ్డ వద్దు.

చెవిలో పెట్టుకునే బడ్స్‌కి జాలీలో గులిమి పేరుకుంటుంది. అలా ఒక వైపు మూసుకుపోవడం చాలా మామూలు. పొడి బ్రష్షుతో, జాలీని కిందికి వంచి దులిపితే లోపలికి పోకుండా రాలిపోతుంది. వైరు లేని రకమైతే, రెండూ ఛార్జి అయ్యాయో లేదో చూడండి. డబ్బాలో అవి కూర్చునే చోట లోహపు చుక్కల్ని తుడవండి. అప్పటికీ కాకపోతే కంప్యూటరులో ఆ పేరు తీసేసి, మళ్లీ కొత్తగా జత చేయండి.

మేం చేసిన పొరపాటు

మా అత్తగారికి డెబ్బై దాటాయి. సాయంత్రం దీపం పెట్టాక కంప్యూటరులో హరికథలు వినడం ఆవిడకి అలవాటు. ఒకరోజు 'ఏమ్మా, కుడిచేతివైపు డబ్బా పలకడం లేదేమిటి?' అన్నారు. నేను దగ్గరికెళ్లి విన్నాను. రెండూ పలుకుతున్నాయి. 'పలుకుతోంది కదండీ అత్తయ్యా' అన్నాను. నాలుగు రోజులకి మళ్లీ అదే మాట. మావారు 'ఎలాగూ పాతవేగా' అంటూ కొత్త స్పీకర్లు తెచ్చారు. వాటికీ అదే ఫిర్యాదు. అప్పుడు మావారు 'అమ్మకి చాదస్తం ఎక్కువైంది' అన్నారు. నేనూ కాదనలేదు. ఆవిడ అది విన్నారు. ఆ తర్వాత ఇంకెప్పుడూ డబ్బా సంగతి ఎత్తలేదు. నెమ్మదిగా హరికథలు వినడం కూడా మానేశారు.

రెండు నెలల తర్వాత మా అబ్బాయి హాస్టలునుంచి సెలవులకి వచ్చాడు. 'నానమ్మ ఏమిటి, పాటలు వినడం లేదు?' అని, తన హెడ్‌ఫోన్స్ తెచ్చి ఆవిడ తలకి పెట్టాడు. 'ఎటు వినిపిస్తోంది?' అన్నాడు. 'ఎడమ' అన్నారు. తిప్పి పెట్టి 'ఇప్పుడో?' అన్నాడు. 'ఎడమేరా' అన్నారు.

మర్నాడే చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. కుడి చెవిలో గులిమి గట్టిపడి రాయిలా ఉంది. అది తీశాక కొంత వినికిడి వచ్చింది. పరీక్ష చేసి, ఆ చెవికి వయసుతో వచ్చిన తగ్గుదల కూడా ఉందని, మిషను పెట్టుకుంటే మంచిదని చెప్పారు. ఇంటికొచ్చే దారిలో ఆటోలో ఆవిడ 'నేను చెబుతూనే ఉన్నాను కదమ్మా' అన్నారు. అంతే, ఇంకో మాట అనలేదు. నాకు తలెత్తబుద్ధి కాలేదు. రెండు నెలలు ఆవిడ నిజమే చెప్పారు. మేం స్పీకర్లు మార్చాం గానీ మనిషి మాట పట్టించుకోలేదు.

అందుకే మొదటి మార్పిడిని మొదట్లోనే పెట్టాను. మీ ఇంట్లో పెద్దవాళ్లు 'ఒక వైపు వినిపించడం లేదు' అంటే, మీకు వినిపిస్తోంది కదా అని కొట్టిపారేయకండి. ముందు హెడ్‌ఫోన్స్ తిప్పి పెట్టి చూడండి. చెవిది అని తేలితే పిన్నీసులు, అగ్గిపుల్లలు, కాచిన నూనెలు వద్దు. డాక్టరుకి చూపించండి. ముఖ్యంగా, ఒక చెవి ఉన్నట్టుండి, గంటల్లోనో రెండు మూడు రోజుల్లోనో వినిపించడం తగ్గిపోతే అసలు ఆలస్యం చేయకూడదు. అది నరానికి సంబంధించినదైతే వెంటనే మొదలుపెట్టిన మందు పనిచేసినట్టు ఆలస్యంగా వేసిన మందు పనిచేయదు. వినిపించని వైపు కోసం వాల్యూం పెంచుకుంటూ పోతే బాగున్న చెవికి కూడా దెబ్బే.

ఒక చెవితోనే వినేవాళ్లకి కంప్యూటరులో ఒక మంచి సదుపాయం ఉంది. విండోస్‌లో సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, ఆడియో లోకి వెళ్లి మోనో ఆడియో అన్నది ఆన్ చేయండి. అప్పుడు ఎడమదీ కుడిదీ కలిసి రెండు వైపులా ఒకటే వస్తుంది. ఏ వాద్యమూ, ఏ మాటా జారిపోదు. మ్యాక్‌లోనూ, ఫోన్లలోనూ యాక్సెసిబిలిటీ కిందే ఇది ఉంటుంది. మా అత్తగారికి అదే పెట్టాం. మిగతావాళ్లు వినేటప్పుడు ఆపేస్తాం.

గుర్తుంచుకోండి

• ఒక్క పాటతో తేల్చకండి. నాలుగు పాటలు, ఒక వార్తల వీడియో పెట్టి చూడండి.

• కొనే ముందు మూడు మార్పిళ్లూ చేయండి. ముందు చెవి, తర్వాత హెడ్‌ఫోన్స్, ఆ తర్వాత కంప్యూటరు.

• ప్లగ్గు పూర్తిగా దూరిందా, ఆకుపచ్చ రంధ్రంలోనే ఉందా చూడండి.

• సెట్టింగులో ఎడమ, కుడి అంకెలు ఒకటేనా చూడండి.

• ప్లగ్గు పెట్టేటప్పుడు, తీసేటప్పుడు వాల్యూం తగ్గించండి. 'ఢబ్' మని వచ్చే చప్పుడు స్పీకరుకీ, చెవికీ మంచిది కాదు.

• కరెంటుకి తగిలించిన స్పీకరుని ఇంట్లో విప్పకండి. ఆ పని మెకానిక్కుకే వదిలేయండి.

ఇప్పుడు మా ఇంట్లో దీపం పెట్టే వేళకి మళ్లీ హరికథ మొదలవుతోంది. కొత్త స్పీకర్లు అబ్బాయి తీసుకుపోయాడు. పాతవే పలుకుతున్నాయి, రెండు వైపులా.